అడ్రినలిన్ ముందా, అవిల్ ముందా?

"ఇంజెక్షన్ వికటించి మృతి" అనే శీర్షిక మన దినపత్రికల జిల్లా పేజీలకు కొత్త కాదు. చదివినవారు డాక్టరునో, నర్సునో, మందునో తప్పుపడతారు. వైద్యం చేసినవారు "ఒంటికి పడలేదు, మేమేం చేస్తాం" అంటారు. అడగవలసిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు: వికటించాక మొదటి ఐదు నిమిషాల్లో ఆ గదిలో ఏం చేశారు? పుస్తకాల్లో దీనికి జవాబు ఎప్పుడో తేలిపోయింది. ఆచరణలో ఇంకా తేలలేదు. అందుకే ఆ తగువును ఇద్దరి నోట వినిపిస్తున్నాను. ఒకరు చిన్న పట్టణంలో చాలా ఏళ్లుగా నర్సింగ్ హోమ్ నడుపుతున్న పెద్ద డాక్టరు. రెండోవారు ఆయన మేనకోడలు, ఎమర్జెన్సీ వైద్యంలో ఎండీ చేసిన చిన్న డాక్టరు. మనుషులు కల్పితం. వాదనలు మాత్రం మన ఆసుపత్రుల్లో వినబడేవే.

పెద్ద డాక్టరు: నీ చదువు మీద నాకు గౌరవం ఉందమ్మాయీ. కానీ మా సిస్టర్లకు నువ్వు చెప్పిన మాట నాకు నచ్చలేదు. సూది పడక రియాక్షన్ వస్తే అవిల్, హైడ్రోకార్టిసోన్ ఇవ్వమని వాళ్లకు నేర్పింది నేను. ఎంతోమందికి అలాగే నయమైంది. నువ్వొచ్చి ముందు అడ్రినలిన్ అంటున్నావు. గుండె ఆగినవాడికి ఇచ్చే మందును దద్దుర్లకు ఇమ్మంటావా?

చిన్న డాక్టరు: దద్దుర్లకు ఇమ్మనడం లేదు మామయ్యా. ఒట్టి దురద, దద్దుర్లు అయితే అవిల్ చాలు. అక్కడ మీ పద్ధతి సరైనదే. నేను చెప్పింది అనాఫిలాక్సిస్ గురించి, అంటే ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ గురించి. మందు ఒంట్లోకి వెళ్లిన నిమిషాల్లో అరచేతులు, అరికాళ్లు దురద పెట్టి, ఒళ్లు ఎర్రబడి, ఆపైన గొంతు బొంగురుపోయినా, పిల్లికూతలు వచ్చినా, నాలుక వాచినా, కళ్లు తిరిగి బీపీ పడిపోయినా అది చర్మంతో ఆగిన అలర్జీ కాదు. కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు కూడా అందులో భాగమే. "నాకేదో అయిపోతోంది డాక్టరుగారూ, చచ్చిపోతానేమో" అని రోగి అంటే అదీ ఒక లక్షణమే. తేలిగ్గా తీసుకోకూడదు.

పెద్ద డాక్టరు: చర్మం మీద ఏమీ లేకుండా బీపీ పడిపోతే? సూది చూసే కళ్లు తిరిగి పడేవాళ్లు వారానికి ఒకరైనా ఉంటారు. అందరికీ అడ్రినలిన్ పొడవమంటావా?

చిన్న డాక్టరు: మంచి ప్రశ్న. భయంతో సొమ్మసిల్లిన మనిషి పాలిపోతాడు, చెమట పడుతుంది, నాడి నెమ్మదిస్తుంది. దురద ఉండదు, ఆయాసం ఉండదు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెడితే కాసేపట్లో తేరుకుంటాడు. అనాఫిలాక్సిస్‌లో సాధారణంగా నాడి వేగంగా కొట్టుకుంటుంది, పడుకోబెట్టినంత మాత్రాన కుదుటపడదు. కాకపోతే ఒక హెచ్చరిక: పదిమందిలో ఒకరిద్దరికి చర్మం మీద ఏ మార్పూ కనబడదు. దద్దుర్లు వస్తేనే అలర్జీ అని కూర్చుంటే వాళ్లు మన చేతుల్లోంచి జారిపోతారు. ఒక మందు పడదని తెలిసిన మనిషికి ఆ మందే వెళ్లాక బీపీ పడిపోయిందంటే, ఇంక చర్మం కోసం చూడనక్కర్లేదు.

పెద్ద డాక్టరు: సరే, గుర్తుపట్టాం అనుకుందాం. అవిల్ హిస్టమిన్‌ను అడ్డుకుంటుంది. హైడ్రోకార్టిసోన్ వాపు తగ్గిస్తుంది. రెండూ నరానికి ఇస్తున్నాం. ఇంకేం కావాలి?

చిన్న డాక్టరు: సమయం కావాలి, అక్కడ లేనిది అదే. బ్రిటన్‌లో అనాఫిలాక్సిస్‌తో మరణించినవారి రికార్డులను పంఫ్రీ అనే వైద్యుడు పరిశీలించి 2000లో ప్రచురించాడు. ఊపిరో గుండో ఆగిపోవడానికి పట్టిన మధ్యస్థ సమయం తిండి అలర్జీలో 30 నిమిషాలు, కందిరీగల వంటివి కుట్టినప్పుడు 15 నిమిషాలు, వైద్యంలో ఇచ్చిన మందులతో 5 నిమిషాలు. నరంలోకి నేరుగా వెళ్లిన మందు అంత తొందరగా పనిచేస్తుంది. హైడ్రోకార్టిసోన్ ప్రభావం చూపడానికి గంటలు పడుతుంది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు ఉంటుంది దాని సాయం. ఇక అవిల్ దురద తగ్గిస్తుంది, దద్దుర్లు తగ్గిస్తుంది. మూసుకుపోతున్న గొంతును తెరవలేదు, పడిపోయిన బీపీని లేపలేదు. పైగా అలర్జీని రేపే మాస్ట్ కణాలు వదిలేది ఒక్క హిస్టమినే కాదు. ల్యూకోట్రయీన్లు, ట్రిప్టేజ్ లాంటివి ఇంకా చాలా ఉన్నాయి. వాటి జోలికి అవిల్ పోదు.

పెద్ద డాక్టరు: అడ్రినలిన్ పోతుందా?

చిన్న డాక్టరు: పోతుంది. సడలిపోయిన రక్తనాళాలను బిగించి బీపీ నిలబెడుతుంది. గొంతు లోపలి వాపు దించుతుంది. గుండెకు బలమిస్తుంది, శ్వాసనాళాలను విప్పుతుంది. మాస్ట్ కణాలు ఇంకా విషం కక్కకుండా ఆపుతుంది. ఇన్ని పనులు ఒక్కసారిగా చేసే మందు మన దగ్గర ఇంకొకటి లేదు. బ్రిటన్ రిససిటేషన్ కౌన్సిల్ 2021 మార్గదర్శకాల్లో మొదటి చికిత్సలోంచి అవిల్ లాంటి యాంటీహిస్టమిన్లను తీసేశారు, హైడ్రోకార్టిసోన్ లాంటి స్టెరాయిడ్లను మామూలుగా ఇవ్వవద్దన్నారు. ఒక కారణం, వాటిని లోడ్ చేస్తూ అడ్రినలిన్ ఆలస్యం చేస్తున్నారని.

పెద్ద డాక్టరు: నా భయం నీకు తెలియదు. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒకచోట చూశాను. రియాక్షన్ వచ్చిన మనిషికి కంగారులో ఆంప్యూల్ మొత్తం నరానికి ఎక్కించారు. గుండె పరుగెత్తి లయ తప్పింది. ఆ మనిషి దక్కడమే గొప్ప. అప్పటినుంచి ఆ మందు పేరు చెబితే నా చెయ్యి వెనక్కి పోతుంది. అరవై దాటినవాళ్లు, స్టెంట్లు వేయించుకున్నవాళ్లు వస్తారు నా దగ్గరికి.

చిన్న డాక్టరు: మీరు చూసింది నిజమే, భయపడవలసిందే. కానీ అది ఎక్కించిన దారి వల్ల, మోతాదు వల్ల వచ్చిన ముప్పు. నరానికి అడ్రినలిన్ ఇవ్వడం మానిటర్ ముందు, అలవాటైన చేతులు చేయవలసిన పని. మనం ఇవ్వవలసింది కండరానికి, అదీ తొడకు బయటివైపు మధ్య భాగంలో. ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉండే మామూలు ఆంప్యూలే. పెద్దవాళ్లకు అర మిల్లీలీటరు. పిల్లలకు కిలో బరువుకు 0.01 మిల్లీలీటరు, అంటే 20 కిలోల పిల్లకు 0.2 మిల్లీలీటరు. ఐదు నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ అంతే మోతాదు.

పెద్ద డాక్టరు: తొడే ఎందుకు? భుజానికి, చర్మం కిందకి ఇవ్వమని మాకు చెప్పేవారు.

చిన్న డాక్టరు: కెనడాలో ఎస్టెల్ సైమన్స్ బృందం పిల్లల మీద 1998లో ఇదే పరీక్షించింది. తొడ కండరానికి ఇస్తే రక్తంలో మందు గరిష్ఠ స్థాయికి చేరడానికి సగటున 8 నిమిషాలు. చర్మం కింద ఇస్తే 34 నిమిషాలు. ఐదు నిమిషాల్లో ప్రాణం పోయే జబ్బుకు 34 నిమిషాల దారి పనికిరాదు కదా. ఇక గుండె జబ్బు సంగతి. అనాఫిలాక్సిస్‌లో బీపీ లేక గుండెకే రక్తం అందదు. గుండె కండరంలోనూ మాస్ట్ కణాలున్నాయి, అలర్జీ వల్లనే గుండెపోటు రావచ్చు. కాబట్టి గుండె రోగికి అడ్రినలిన్ ఇవ్వకపోవడమే పెద్ద ముప్పు. కండరానికి సరైన మోతాదులో ఇచ్చేటప్పుడు ఈ మందు ఫలానావాళ్లకు అసలు ఇవ్వకూడదన్న నిషేధం ఏదీ లేదు. కాసేపు గుండె దడ, చేతుల వణుకు, ముఖం పాలిపోవడం ఉంటాయి. రోగికి ముందే చెబితే బెదిరిపోడు.

పెద్ద డాక్టరు: బీటా బ్లాకర్లు వాడేవాళ్లకు?

చిన్న డాక్టరు: అటెనొలాల్, మెటొప్రొలాల్ వాడేవాళ్లలో అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు. అప్పుడు గ్లూకగాన్ ఉపయోగపడుతుంది. అది మన దగ్గర లేకపోతే పెద్దాసుపత్రికి తరలించాలి. అంతమాత్రాన మొదటి మోతాదు ఆపకూడదు.

పెద్ద డాక్టరు: ఇంకో చిక్కుంది. నేను రౌండ్స్‌లోనో, ఆపరేషన్‌లోనో ఉంటాను. అప్పుడు ఎవరిస్తారు? సిస్టర్ చేతికి అడ్రినలిన్ అప్పగించి పొమ్మంటావా?

చిన్న డాక్టరు: అప్పగించమనే అంటాను. మన సబ్‌సెంటర్‌లో పిల్లలకు టీకాలేసే ఏఎన్‌ఎం దగ్గర అనాఫిలాక్సిస్ కిట్ ఉంటుంది. అడ్రినలిన్ ఆంప్యూళ్లు, సన్న సిరంజీలు, అంగుళం సూదులు, వయసుల వారీగా మోతాదుల పట్టిక అందులో పెడతారు. వయసుకు తగ్గ ఒక మోతాదు కండరానికి ఇచ్చి పెద్దాసుపత్రికి పంపమని జాతీయ టీకా కార్యక్రమమే ఆమెకు శిక్షణ ఇస్తుంది. చెట్టుకింద టీకా వేసే ఏఎన్‌ఎంకు ఇచ్చిన అధికారం, జీఎన్‌ఎం చదివిన మీ సిస్టర్‌కు ఎందుకు ఉండకూడదు? మీరు సంతకం చేసి గోడకు అంటించిన కాగితం ఒకటి ఉంటే చాలు: ఈ లక్షణాలుంటే నన్ను పిలుస్తూనే, నేను వచ్చేలోగా ఇంత మోతాదు ఇవ్వండి అని. కిట్ ఇంజెక్షన్ ట్రే పక్కనే ఉండాలి. బీరువాలో తాళం వేసి పెడితే తాళంచెవి వెతికేలోపు ఐదు నిమిషాలు అయిపోతాయి. ఎండ తగలని చోట పెట్టాలి, రంగు మారిన ఆంప్యూల్ పారేయాలి, గడువు తేదీ నెలకోసారి చూడాలి. ఖర్చంటారా, మీరు రాసే యాంటీబయాటిక్ వయల్‌తో పోలిస్తే ఇది చాలా చవక.

పెద్ద డాక్టరు: ఇచ్చాక?

చిన్న డాక్టరు: అసలు మొట్టమొదట చేయవలసింది ఎక్కుతున్న మందు ఆపడం. కాన్యులా మాత్రం తీయకూడదు, సెలైన్‌కు అదే దారి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి. ఆయాసం ఎక్కువగా ఉంటే కూర్చోనివ్వచ్చు, గర్భిణి అయితే ఎడమవైపు తిప్పాలి. "కాస్త గాలి తగిలేలా వరండాలోకి నడిపించండి" అనేవాళ్లుంటారు, వాళ్లను ఆపాలి. బీపీ లేని మనిషి లేచి నిలబడగానే గుండెకు చేరే రక్తం ఇంకా తగ్గిపోతుంది. అలా లేచిన వెంటనే ప్రాణం పోయిన సంఘటనలను పంఫ్రీ నమోదు చేశాడు. ఆక్సిజన్ పెట్టాలి, సెలైన్ వేగంగా ఎక్కించాలి, పెద్దవాళ్లకు లీటరు, రెండు లీటర్లు పట్టవచ్చు. 108కి ఫోన్ చేయాలి. తేరుకున్నాక ఇంటికి పంపకూడదు, కొందరికి కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెడుతుంది. అవిల్, స్టెరాయిడ్ ఇవ్వాలనుకుంటే అప్పుడివ్వండి. వరసలో వాటి చోటు అది.

పెద్ద డాక్టరు: ఇంత హడావుడి రాకుండా ఉండేందుకే కదా నేను ప్రతివాళ్లకూ టెస్ట్ డోస్ వేయించేది. సెఫ్‌ట్రయాక్సోన్ చుక్క చర్మంలో వేసి పావుగంట చూస్తాం. బొబ్బ లేకపోతే ఇస్తాం. దాన్నీ కాదంటావా?

చిన్న డాక్టరు: అది ఇచ్చే భరోసాను కాదంటాను. ఇంతకుముందు రియాక్షన్ వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లకు, సరైన ద్రావణాలతో, అలర్జీ నిపుణులు చేసే చర్మ పరీక్షకు విలువుంది. ఏ చరిత్రా లేని మనిషికి వయల్‌లోంచి తీసిన చుక్క వేస్తే వచ్చే ఫలితం నమ్మదగ్గది కాదు. మందు గాఢత వల్లనే చర్మం ఎర్రబడి, ఇవ్వవలసిన మందు ఆగిపోవచ్చు. ఏమీ రాకపోయినా పూర్తి మోతాదుకు వికటించవచ్చు. పైగా ఆ పరీక్ష ఐజీఈ అనే ప్రతిరోధకం ద్వారా వచ్చే అలర్జీనే చూపుతుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందుల రియాక్షన్లలో చాలావాటికి ఐజీఈతో సంబంధమే లేదు. ఎక్స్‌రే, సీటీ స్కాన్లకు ఎక్కించే కాంట్రాస్ట్ మందు, వాంకోమైసిన్ మాస్ట్ కణాలను నేరుగానే రేపగలవు. "టెస్ట్ డోస్ వేశాం, ఏం కాదులే" అని సిస్టర్ పక్క గదికి వెళ్లిపోతుంది చూడండి, అదే నా భయం.

పెద్ద డాక్టరు: "నిరుడు ఇదే సూది వేసుకున్నాను, ఏం కాలేదు" అని రోగే చెప్తే?

చిన్న డాక్టరు: అది రక్ష అని మనం అనుకుంటాం. ఫ్రాన్స్‌కు చెందిన షార్ల్ రిషే, పాల్ పోర్టియే 1902లో కనిపెట్టింది సరిగ్గా దీనికి విరుద్ధమైన సంగతే. సముద్రపు అనిమోన్ విషాన్ని కుక్కలకు కొద్దిగా ఇచ్చారు. తట్టుకున్నాయి. రక్షణ పెరుగుతుందని కొన్ని వారాలయ్యాక మొదటిదానికంటే తక్కువ మోతాదు ఇస్తే నిమిషాల్లో కుప్పకూలాయి. రిషేకు 1913లో నోబెల్ వచ్చింది ఈ పరిశోధనకే. మొదటిసారి శరీరం ఆ పదార్థానికి ఐజీఈ తయారు చేసి పెట్టుకుంటుంది. తర్వాతిసారి మీద పడుతుంది. కాబట్టి నిరుటి సూది ఈసారికి హామీ కాదు. టెస్ట్ డోస్ కంటే ఎక్కువ పనికొచ్చేవి రెండు: ముందు నిదానంగా అడగడం, తర్వాత అరగంట కూర్చోబెట్టడం. కోవిడ్ టీకా వేసి దేశమంతటినీ అరగంట కూర్చోబెట్టాం. సెఫ్‌ట్రయాక్సోన్‌కు ఆ అరగంట కేటాయించలేమా?

పెద్ద డాక్టరు: ఇప్పుడు నా అసలు బాధ విను. పుస్తకంలో రాయనిది. రియాక్షన్ వచ్చి మనిషి పోతే చుట్టాలు అద్దాలు పగలగొడతారు. శవంతో గుమ్మం ముందు కూర్చుంటారు. 2008లో ఆసుపత్రుల మీద దాడులకు వ్యతిరేకంగా చట్టం వచ్చింది, అయినా ఆ గంటలో చట్టం మన పక్కన ఉండదు. చివరగా ఇచ్చిన సూది అడ్రినలిన్ అయితే, "ఆ సూదే చంపింది" అంటారు. అవిల్ ఇస్తే ఎవరూ ఏమీ అనరు. అందుకే చాలామంది చెయ్యి అవిల్ మీదికి పోతుంది.

చిన్న డాక్టరు: ఈ బాధ నిజం మామయ్యా. కానీ ఆ లెక్కలో రోగి ఎక్కడున్నాడు? మన మీద మాట రాకుండా ఉండేందుకు ఎంచుకున్న మందు రోగికి పనికిరానిదైతే, అది వైద్యమెలా అవుతుంది? ఫైలు కోర్టుకు వెళ్తే అక్కడ అడిగేది కూడా అదే: అనాఫిలాక్సిస్‌లో మొదటి మందు ఎన్నో నిమిషంలో ఇచ్చారు? సమయం, లక్షణాలు, బీపీ, ఇచ్చిన మోతాదు రాసి ఉండాలి. వీలైతే గంట, రెండు గంటల్లో ట్రిప్టేజ్ పరీక్షకు రక్తం తీసి పెట్టాలి. బయట నిలబడ్డ చుట్టానికి ఒకరు వెళ్లి, "మందు పడలేదు, విరుగుడు ఇచ్చాం, ఇంకా గండం గడవలేదు" అని చెప్పాలి. లోపల ఏం జరుగుతోందో తెలియనివాడికే అనుమానం ఎక్కువ.

పెద్ద డాక్టరు: జనం కూడా మారాలి. జలుబుకు వచ్చి "సూది వెయ్యరా?" అని అడుగుతారు. వెయ్యకపోతే ఎదురుగా ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు.

చిన్న డాక్టరు: అందులో మీ వైపే ఉంటాను. వికటించినవాటిలో అసలు అవసరం లేని సూదులు ఉంటాయి. నోటితో మింగగలిగే మనిషికి మాత్రే మేలు, ముప్పు కొంత తక్కువ. అర్హత లేనివాళ్లు సూదులు వేయడం చట్టవిరుద్ధం. పైగా వికటిస్తే కాపాడే సరంజామా వాళ్ల దగ్గర ఉండదు. కానీ మనం కూడా అవసరం లేని సూది రాసి, ఆ అలవాటును పెంచుతున్నాం.

పెద్ద డాక్టరు: ఇంకో సంగతి. మందు పడలేదంటే నేను కేస్ షీటు మీద ఎర్ర సిరాతో రాస్తాను, ఆ జాతి మందులన్నీ మానేయిస్తాను. అందులోనూ తప్పు పడతావా?

చిన్న డాక్టరు: రాయడం మంచిదే. రోగి దగ్గర ఒక కార్డు ఉండాలి, దాని మీద మందు అసలు పేరు ఉండాలి. బ్రాండ్ పేరు రాస్తే, అదే డైక్లోఫెనాక్ ఇంకో షాపులో ఇంకో పేరుతో, పారాసిటమాల్‌తో కలిసిన మాత్రలో మళ్లీ కడుపులోకి వెళ్తుంది. అయితే ప్రతి వికారాన్నీ, ప్రతి వాంతినీ అలర్జీ అని రాయకూడదు. అమెరికాలో పదిమందిలో ఒకరు "నాకు పెన్సిలిన్ పడదు" అంటారు. పరీక్షించి చూస్తే వాళ్లలో నూటికి తొంభైమందికి పైగా భేషుగ్గా పడుతుంది. రుమాటిక్ గుండె జబ్బున్న పిల్లకు ఆ ముద్ర ఊరికే వేశామంటే, కవాటాలను కాపాడే బెంజాథీన్ పెన్సిలిన్ ఆమెకు దూరమవుతుంది. నిజంగా అనాఫిలాక్సిస్ వచ్చినవాళ్లను మాత్రం అలర్జీ నిపుణుల దగ్గరికి పంపాలి, ఇంట్లో ప్రయోగాలు చేయనివ్వకూడదు.

పెద్ద డాక్టరు: స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ వచ్చినవాళ్లకు?

చిన్న డాక్టరు: అది వేరే దారి, అక్కడ అడ్రినలిన్ పనిలేదు. ఫిట్స్ మందులైన ఫెనిటాయిన్, కార్బమజెపైన్, లామోట్రిజిన్, గౌట్‌కు వాడే అల్లోప్యూరినాల్, సల్ఫా మందులు మొదలుపెట్టిన కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో వస్తుంది. జ్వరం, కళ్లు ఎర్రబడటం, నోట్లో పుండ్లు, ముట్టుకుంటే మండే చర్మం, ఆపైన బొబ్బలు. మొదటి చికిత్స ఆ మందు ఆ పూటే ఆపడం, రెండోది కాలిన గాయాలకు చేసేలాంటి సంరక్షణ ఉన్న ఆసుపత్రికి చేర్చడం. ఆ మందు జీవితంలో మళ్లీ ముట్టకూడదు.

పెద్ద డాక్టరు: సరే అమ్మాయీ. కిట్ ట్రే పక్కన పెట్టిస్తాను, గోడ మీద కాగితం నేనే రాస్తాను. సిస్టర్లకు తొడ మీద చోటు చూపించు. టెస్ట్ డోస్ మాత్రం రేపే ఆపలేను. ఆపితే, వికటించిన రోజు "టెస్ట్ చెయ్యలేదు" అని ముందుగా అడిగేది ఊరే.

చిన్న డాక్టరు: ఆపలేకపోతే ఆపకండి, దాన్ని నమ్మి పక్కకు వెళ్లకండి. జరిగిన ప్రతి రియాక్షన్‌నూ దేశపు ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలియజేయండి. గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. 1800-180-3024 నంబరుకు డాక్టరే కాదు, రోగి కూడా ఫోన్ చేయవచ్చు. ఏ మందు ఎందరికి వికటిస్తోందో మనం చెప్పకపోతే దేశానికి తెలియదు.

ఇద్దరి మాటా విన్నాక నా తీర్పు ఇది. పెద్ద డాక్టరు భయాలు ఉత్తవి కావు. నరానికి ఎక్కించే అడ్రినలిన్ ప్రమాదం, ఊరి ఒత్తిడి, గుమ్మం ముందు గుంపు అన్నీ నిజాలే. కానీ వాటిలో ఏ ఒక్కటీ అనాఫిలాక్సిస్‌లో అవిల్‌ను మొదటి మందుగా నిలబెట్టలేదు. మొదటి మందు అడ్రినలిన్, దారి తొడ కండరం, సమయం వెంటనే. మిగతా మందులన్నీ దాని తర్వాతే.

చదివేవారికి ఒక మనవి. మీకు పడని మందు అసలు పేరును కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి, ప్రతి డాక్టరుకూ అడగకముందే చూపించండి. సూది వేస్తామంటే "మాత్రతో సరిపోదా?" అని అడగండి. వేయించుకున్నాక అరగంట అక్కడే కూర్చోండి. అరచేతులు దురదపెట్టినా, గొంతు పట్టేసినా మొహమాటపడకుండా గట్టిగా పిలవండి. ఆసుపత్రి నడిపేవారికి ఇంకొక మనవి: సూది వేసే ప్రతి గదిలో అడ్రినలిన్ చేతికందేలా ఉంచండి, దాన్ని వాడే అధికారం ఆ గదిలో ఉండే మనిషికి ఇవ్వండి.